క్రీం మిషన్ నడపడం: వేడి, వేగం, ధార

పది లీటర్ల ఎనుము పాలను, వేగంగా తిప్పి వెన్నను వేరుచేసే క్రీం మిషన్‌లో పోస్తే, అందులోని వెన్నలో (అంటే పాల కొవ్వులో) నూటికి 98 పాళ్ళు క్రీం గొట్టంలోంచే రావాలి. రెండో గొట్టంలోంచి వచ్చే పాలలో మిగిలే వెన్న 0.1 శాతం దాటకూడదు. చిత్తూరు, పలమనేరు, పూతలపట్టు వైపు ఇళ్ళలో వాడే చిన్న మిషన్లతో కూడా ఇది సాధ్యమే. అంత రావడం లేదంటే మిషన్ పాడైందని అనుకునే ముందు మూడు సంగతులు చూడాలి: పాలు ఎంత వెచ్చగా ఉన్నాయి, బౌల్ (లోపల తిరిగే గిన్నె) ఎంత వేగంగా తిరుగుతోంది, పాల ధార ఎంత. ఈ మూడూ కుదిరితే పాత చేతి మిషన్ కూడా వెన్నను శుభ్రంగా తీస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా వెన్నను దూడల బకెట్లోకి పంపిస్తుంది.

క్రీం అంటే మీగడ కాదు. కాచిన పాల మీద కట్టే మీగడలో వెన్నతోపాటు గట్టిపడిన పాల ప్రోటీను కూడా ఉంటుంది. మిషన్ క్రీం అంటే వెన్న బొట్లు దగ్గరగా చేరిన పచ్చిపాలు, అంతే. అందుకే ఈ పనికి పాలు కాచకూడదు. కాచిన పాలలోని తరకలు బౌల్ లోపల పేర్చిన పలుచని డిస్కుల సందుల్లో ఇరుక్కుంటాయి.

తిప్పితే ఎందుకు వేరవుతుంది

చెనక్కాయ నూనె, నీళ్ళు కలిపి సీసాలో గట్టిగా ఊపి పక్కన పెడితే కాసేపటికి నూనె పైకి తేలుతుంది. నూనె తేలిక, నీళ్ళు బరువు, రెండూ ఒకదాంట్లో ఒకటి కరగవు. అదే సీసాను మీటరు తాడుకు మూతవైపు నుంచి గట్టిగా కట్టి, ఖాళీ చోట నిలబడి సెకనుకు ఒక చుట్టు చొప్పున నిలువుగా తిప్పితే, లోపలి ద్రవాల మీద భూమి లాగే బలానికి నాలుగు రెట్ల బలం పడుతుంది. సీసా తలమీదికి వెళ్ళి తలకిందులైనప్పుడు కూడా నూనె మూత దగ్గరే, అంటే చేతివైపే ఉంటుంది. బరువైన నీళ్ళు బయటికి తోసుకుపోతాయి, తేలికైన నూనెకు మధ్యలోనే చోటు దొరుకుతుంది. క్రీం మిషన్ చేసేదీ ఇదే. కాకపోతే నాలుగు రెట్లతో పాల దగ్గర పని జరగదు.

ఎందుకంటే పాలలో వెన్న నూనెలా పెద్ద బొట్లుగా ఉండదు. ఎక్కువ బొట్లు 3, 4 మైక్రాన్ల దగ్గర ఉంటాయి, ఎనుము పాలలో ఇంకొంచెం పెద్దవి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ప్రతి బొట్టు చుట్టూ పలుచని పొర ఉండి, ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపుతుంది. 3 మైక్రాన్ల బొట్టు నిలకడగా ఉన్న పాలలో గంటకు ఒక మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే పైకి జరుగుతుంది. పది సెంటీమీటర్లు ఎక్కాలంటే మూడు రోజులు పట్టాలి, ఈలోపు పాలు విరిగిపోతాయి. ఆవు పాలు చల్లగా పెడితే బొట్లు గుత్తులు కట్టి తొందరగా తేలతాయి. ఎనుము పాలలో ఆ గుత్తులు కట్టించే ప్రోటీను లేదు. కాబట్టి పచ్చి ఎనుము పాలను రాత్రంతా ఉంచి పైపొర తీద్దామంటే వెన్న చాలావరకు కిందే ఉండిపోతుంది.

బొట్టు కదిలే వేగం దాని అడ్డుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది. బొట్టు సగం సైజు అయితే నాలుగో వంతు వేగమే. ప్యాకెట్ మీద హోమోజినైజ్డ్ అని ముద్రించిన పాలు మిషన్‌లో పోసి లాభం లేనిది ఇందుకే. ఆ పాలలో బొట్లను ముందే ఒక మైక్రాన్ దగ్గరికి, అంతకంటే చిన్నగా చితక్కొట్టేసి ఉంటారు.

బొట్టును మనం పెద్దది చేయలేం. బలాన్ని మాత్రం పెంచగలం. నిమిషానికి 6000 చుట్లు తిరిగే బౌల్‌లో, నడిమధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పాల మీద పడే బలం భూమ్యాకర్షణకు సుమారు 2000 రెట్లు. ఇది చుట్ల సంఖ్య వర్గం లెక్కన పెరుగుతుంది, అదే లెక్కన తగ్గుతుంది. వేగం పది శాతం తగ్గితే బలం 19 శాతం పడిపోతుంది. చెయ్యి నొప్పి పుట్టి కాస్త నెమ్మదించినా, సాయంత్రం వోల్టేజీ పడిపోయినా వెన్న ఎందుకు పోతుందో ఈ లెక్కలోనే ఉంది.

ఆగకుండా పాలు పోస్తూ తీసే మిషన్‌ను 1878లో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ ద లావాల్ తయారు చేశాడు. బౌల్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చే గరాటు ఆకారం డిస్కులు తర్వాత ఒక జర్మన్ ఇంజనీరు ఆలోచన. అసలు కిటుకు ఆ డిస్కులదే. వాటి మధ్య సందు అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. పాలు నడిమి గొట్టంలోంచి కిందికి దిగి, డిస్కుల రంధ్రాల గుండా పైకి వస్తూ ఈ సందుల్లో పలుచగా పరుచుకుంటాయి. వెన్న బొట్టు జరగాల్సింది ఆ కొద్దిపాటి సందే. దాటగానే డిస్కు పైతలానికి చేరి, దానివెంటే నడిమికి జారుతుంది. బరువైన పాలు బయటి అంచుకు పోయి, పై డిస్కు మీదుగా వేరే దారిలో బయటపడతాయి. పేడ నలుసులు, దుమ్ము, పొదుగులోంచి రాలిన కణాలు బౌల్ గోడకు బూడిదరంగు జిగురులా పట్టుకుంటాయి.

మిషన్ నిలబెట్టడం

బల్ల కదలకూడదు, మట్టసంగా ఉండాలి. బోల్టులు బిగించండి. మట్టం చూడటానికి పరికరం లేకపోతే అంచున్న పళ్ళెంలో నీళ్ళు పోసి మిషన్ మీద పెట్టి చూడండి. పిడి నడుము ఎత్తులో ఉంటే పావుగంట తిప్పినా చెయ్యి అలసిపోదు. గేర్ల పెట్టెలో నూనె గీత దాకా ఉందో లేదో ప్రతిసారీ చూడాలి. కరెంటు మిషన్ అయితే ఎర్తింగ్ తప్పనిసరి. తడి చేతులతో, తడి నేలమీద చేసే పని ఇది.

బౌల్ బిగించడంలో తొందర వద్దు. ముందు రబ్బరు రింగును తడిపి అడుగు గాడిలో మెలిక లేకుండా కూర్చోబెట్టాలి. నడిమి గొట్టం, దానిమీద డిస్కులు. వాటిమీద అంకెలు ఉంటే ఆ వరసలోనే, లేకపోతే విప్పిన వరసలోనే పేర్చండి. లెక్కపెట్టండి, ఒక్కటి తగ్గినా మిగతావి వదులై పాలు సందుల్లోకి సరిగా వెళ్ళవు. తర్వాత క్రీం మర ఉండే పై డిస్కు, దానిమీద మూత, మూత గాడి అడుగు గుర్తుకు ఎదురుగా వచ్చేలా. చివరగా నట్టును స్పానర్‌తో గుర్తు దాకా బిగించాలి. ఒక మిషన్ డిస్కులు, మూత ఇంకో మిషన్‌కు వేయవద్దు. చూడటానికి ఒకేలా ఉన్నా బరువు సమతూకం ఏ బౌల్‌కు ఆ బౌల్‌దే.

పాలు సిద్ధం చేయడం

పితికిన వెంటనే పాలు 37, 38 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. కొట్టం పక్కనే మిషన్ ఉంటే గుడ్డలో వడగట్టి నేరుగా పోసేయవచ్చు, ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ పలమనేరు, కుప్పం వైపు చలికాలం పొద్దున ఇల్లు చేరేలోపే పాలు 30 కిందికి వచ్చేస్తాయి. చల్లబడితే రెండు దెబ్బలు. ఒకటి, పాలు చిక్కబడతాయి. 40 డిగ్రీల దగ్గర ఉన్న పలుచదనం 20కి వచ్చేసరికి సుమారు సగమవుతుంది, అంటే బొట్టు కదలడం కూడా సగమే. రెండు, వెన్న గట్టిపడి నడిమి దారిలో క్రీం పేరుకుని పూడుకుపోతుంది.

కాబట్టి పాలను 40 నుంచి 45 డిగ్రీలకు వెచ్చబెట్టండి. పాల గిన్నెను వేడినీళ్ళ దబరలో పెట్టి గరిటెతో నెమ్మదిగా కలుపుతూ వేడెక్కించాలి. నేరుగా మంట మీద పెడితే అడుగు కాగి పైన చల్లగా ఉంటుంది. వేలు పెట్టి చూస్తే హాయిగా వెచ్చగా తగిలేది 40 దగ్గరే అయినా, వేలిని నమ్మడం కంటే థర్మామీటరు కొనడం మేలు. 60 దాటనివ్వకండి, ప్రోటీను గట్టిపడి డిస్కులకు అంటుకోవడం మొదలవుతుంది.

పులుపెక్కిన పాలు పనికిరావు. అనుమానం ఉంటే ఒక గరిటె పాలు వేరే గిన్నెలో మరిగించి చూడండి, విరిగితే మిషన్‌లో పోయవద్దు. ఈనిన మొదటి అయిదు రోజుల జున్నుపాలు కూడా వద్దు. సగం నిండిన క్యాన్‌ను బండి మీద కట్టుకుని గుంతల రోడ్డులో తెస్తే దారిలోనే పాలు చిలికినట్టవుతాయి. కొన్ని బొట్లు చితికి చిన్నవైపోతాయి, కొన్ని అతుక్కుని వెన్న పలుకులవుతాయి. క్యాన్‌ను మెడదాకా నింపి తేవాలి.

నడపడం

ఖాళీ బౌల్‌ను నెమ్మదిగా మొదలుపెట్టి రెండు మూడు నిమిషాల్లో పూర్తి వేగానికి తేవాలి. పిడి ఎన్ని చుట్లు తిప్పాలో మిషన్ మీద బిగించిన రేకు మీద ఉంటుంది. నిమిషానికి 60 అని ఉంటే 15 సెకన్లకు 15 చుట్లు, ఫోనులో గడియారం పెట్టుకుని సరిచూసుకోండి. కొన్ని పాత మిషన్ల పిడిలో చిన్న గంట ఉంటుంది. వేగం చాలనంతసేపూ చుట్టుకోసారి మోగుతుంది, సరిపడా వేగం రాగానే ఆగిపోతుంది. ఎంతో తెలివైన ఏర్పాటు అది. కొత్తగా వస్తున్న చేతి మిషన్లన్నిటికీ ఉండాల్సింది.

వేగం అందాక ముందు ఒక లీటరు వేడినీళ్ళు వదలండి. బౌల్ వెచ్చబడుతుంది, క్రీం డిస్కులకు అంటదు, రబ్బరు రింగు కారుతోందేమో పాలు పోయకముందే తెలిసిపోతుంది. ఆ తర్వాత పాలు. తొట్టి కింద తేలే బిళ్ళ ఉన్న మిషన్లలో కొళాయిని పూర్తిగా తెరవాలి, ధారను ఆ బిళ్ళే అదుపు చేస్తుంది. బిళ్ళ తీసేసి ఎక్కువ ధార వదిలితే పని తొందరగా అయినట్టే ఉంటుంది గానీ, పాలు డిస్కుల మధ్య ఉండే సమయం తగ్గి వెన్న వేరయ్యేలోపే బయటికి వచ్చేస్తాయి. గంటకు 60 లీటర్ల మిషన్‌కు పది లీటర్లు పది నిమిషాల పని. దాన్ని ఆరు నిమిషాల్లో చేయబోవడం వెన్న పారబోసుకోవడమే.

పాలు అయిపోవచ్చినప్పుడు తిప్పడం ఆపకండి. ముందు వచ్చిన వెన్న తీసిన పాలలోంచి ఒకటి రెండు లీటర్లు తొట్టిలో తిరిగి పోయండి. బౌల్‌లో మిగిలిన క్రీం దాంతోపాటు బయటికి వస్తుంది. ఈ పని మానేస్తే కొంత క్రీం ప్రతిసారీ బౌల్‌లోనే ఉండిపోయి కడిగిన నీళ్ళలో పోతుంది. తర్వాత పిడి వదిలేసి దానంతట అది ఆగేదాకా చూడాలి. తిరుగుతున్న బౌల్‌ను చేత్తోగానీ గుడ్డతోగానీ ఆపవద్దు, పూర్తిగా ఆగకముందు మూత తీయవద్దు.

క్రీం మర

పై డిస్కు మెడ దగ్గర చిన్న రంధ్రం ఉన్న మర ఉంటుంది. లోపలికి తిప్పితే రంధ్రం నడిమికి దగ్గరవుతుంది. అక్కడ ఉండేది అన్నిటికంటే తేలికైనది, కాబట్టి క్రీం తక్కువగా, చిక్కగా వస్తుంది. బయటికి తిప్పితే పలుచగా, ఎక్కువగా వస్తుంది. ఎప్పుడు మార్చినా పావు చుట్టే మార్చి, కనీసం అయిదు లీటర్లు నడిపి చూశాకే మళ్ళీ ముట్టుకోండి. వెన్న చిలకడానికి 35 నుంచి 40 శాతం వెన్న ఉన్న క్రీం బాగుంటుంది. ఇంకా ఇంకా చిక్కగా కావాలని మర బిగిస్తూ పోతే దారి పూడి, వెన్న పాలవైపు మళ్ళుతుంది.

ఎంత రావాలో లెక్క వేసుకోవచ్చు. పది లీటర్ల పాలు 10.3 కిలోలు. ఎనుము పాలలో 6.5 శాతం వెన్న అనుకుంటే 670 గ్రాములు. వెన్న తీసిన పాలలో 0.1 శాతం మిగిలితే, 40 శాతం క్రీం 1.65 కిలోలు రావాలి. అదే 4 శాతం ఆవు పాలైతే ఒక కిలో. పుంగనూరు ఆవు పాలలో వెన్న మామూలు ఆవులకంటే ఎక్కువ, కానీ ఇచ్చే పాలే కొద్ది. రెండు మూడు లీటర్ల కోసం మిషన్ తడపడం కంటే తోడుపెట్టి కవ్వంతో చిలుక్కోవడమే నయం.

ఏ పాలకైనా లెక్క ఇది: పాలలోని వెన్న శాతంలోంచి, వెన్న తీసిన పాలలో మిగిలిన శాతాన్ని తీసేయాలి, క్రీం శాతంలోంచీ అదే తీసేయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి పాల బరువుతో హెచ్చించాలి.

తీసిన పాలలో ఎంత మిగిలిందో కంటితో తేల్చలేం. గ్లాసులో పోసి పొద్దుటిదాకా ఉంచితే పైన వెన్న పొర కట్టిందంటే నష్టం ఎక్కువే. పొర కట్టకపోతే అంతా బాగుందని మాత్రం కాదు, మిగిలేవి చిన్న బొట్లు, అవి ఒక్క రాత్రిలో తేలవు. పాలకేంద్రంలో గెర్బర్ పరీక్ష చేయించండి. 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ బ్యుటిరోమీటరు అనే కొలగీతలున్న గాజు సాధనంలో పోసి, నిమిషానికి 1100 చుట్ల చొప్పున అయిదు నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల నీళ్ళలో పెట్టి చూస్తారు. ఆమ్లం ప్రోటీనును కరిగించి బొట్ల పొరను తెంచుతుంది, తిప్పుడు వెన్నను గొట్టంలోకి చేరుస్తుంది. ఇదీ తిప్పి వేరుచేసే పనే. తీసిన పాలకు సన్న గొట్టం ఉన్న బ్యుటిరోమీటరు అడగాలి, మామూలు దానిలో 0.1 శాతం చదవలేం. ఆమ్లంతో పని కాబట్టి ఇంట్లో ప్రయత్నించవద్దు.

వచ్చిన క్రీం గిన్నెను వెంటనే చల్లటి నీళ్ళలో పెట్టండి. వెచ్చటి క్రీంను నిన్నటి చల్లటి క్రీంలో కలపకూడదు, చల్లారాకే కలపాలి. పెరుగు తోడు వేసి రాత్రంతా ఉంచి, 12 నుంచి 14 డిగ్రీల చల్లదనంలో చిలికితే వెన్న గింజగా కడుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి ఎండల్లో మే నెలలో ఐసు ముక్కలు వేయక తప్పదు. వేయకపోతే వెన్న జారుడుగా అయి మజ్జిగలోనే పోతుంది. ఆ పది లీటర్ల ఎనుము పాలకు జాగ్రత్తగా చేస్తే నెయ్యి 600 గ్రాముల దగ్గర తేలుతుంది. తీసిన పాలు పెరుగుకు, మజ్జిగకు, దూడలకు వాడుకోండి. అమ్మితే వెన్న తీసిన పాలని చెప్పే అమ్మాలి, మంచి పాలలో కలిపితే కల్తీ.

కడగడం

పని అయిన గంటలోపు బౌల్ విప్పాలి. మొదట చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్ళతో కడగాలి. నేరుగా మరిగే నీళ్ళు పోస్తే ప్రోటీను ఉడికి లోహానికి పట్టేస్తుంది. తర్వాత వేడినీళ్ళలో సబ్బు ద్రావణం వేసి మెత్తటి బ్రష్‌తో ఒక్కో డిస్కూ రెండువైపులా తోమండి. స్టీలు భాగాలకైతే అయిదు లీటర్ల నీళ్ళకు 25 గ్రాముల చాకలి సోడా వాడవచ్చు. అల్యూమినియం డిస్కులకు సోడా వద్దు, లోహాన్ని తినేస్తుంది. స్టీలు పీచు, బూడిద, చింతపండు ఏవీ వద్దు. గీతలు పడితే పాలు వాటిలో నిలిచి పులుస్తాయి. చివరగా మరిగే నీళ్ళు పోసి, డిస్కులను తీగకు గుచ్చి విడివిడిగా ఆరబెట్టాలి. రబ్బరు రింగును మాత్రం ఎండలో పెట్టకండి, బిరుసెక్కి పగులుతుంది.

తేడా వస్తే

తీసిన పాలలో వెన్న పోతుంటే ఈ వరసలో చూడండి: పాల వేడి, పిడి వేగం, ధార, డిస్కుల శుభ్రం, డిస్కుల లెక్క, ఆ తర్వాతే క్రీం మర. చాలామంది ముందే మరతో మొదలుపెడతారు. చల్లటి పాలకు మర ఎంత తిప్పినా లాభం లేదు, పైగా అంతకుముందు సరిగా ఉన్న అమరిక కూడా పోతుంది. మొదట బాగా వచ్చి, ఇరవై ముప్పై లీటర్ల తర్వాత నష్టం పెరిగితే బౌల్ గోడకు జిగురు నిండిందని అర్థం. ఆపి, కడిగి మళ్ళీ మొదలుపెట్టాలి. వడగట్టే గుడ్డ చిరిగిందేమో కూడా చూడండి.

పాలు రెండు గొట్టాల్లోంచి కాకుండా బౌల్ కింద కారుతుంటే రబ్బరు రింగు మెలికపడి ఉంటుంది, లేదా నట్టు వదులై ఉంటుంది. క్రీంలో వెన్న పలుకులు వస్తే పాలు దారిలో చిలికినట్టయ్యాయని అర్థం. నురుగు ఎక్కువైతే తొట్టిలోకి పాలు ఎత్తు నుంచి పోస్తున్నారేమో చూడండి.

మిషన్ వణికితే మాత్రం ఆ క్షణమే కొళాయి కట్టేసి, పిడి వదిలేసి, దూరంగా నిలబడి ఆగనివ్వండి. నిమిషానికి వేల చుట్లు తిరిగే లోహం ముద్ద అది. ఆగాక విప్పి, డిస్కుల వరస, మూత గుర్తు, బల్ల మట్టం, బోల్టులు చూసి, పాలు లేకుండా ఖాళీగా తిప్పండి. అప్పుడూ వణికితే స్పిండిల్ (బౌల్ తిరిగే ఇరుసు) వంగి ఉండాలి, లేదా బేరింగు అరిగి ఉండాలి. మెకానిక్ చూసేదాకా ఆ బౌల్‌ను మళ్ళీ తిప్పవద్దు.